ఆరు పూటలు

కుట్టు మిషను దగ్గర,
ఆదివారం, ఆరాధన అయ్యాక

తమ్ముడూ,

నీకు శాంతి. నీ ఉత్తరాలు తెరిచి చదివే పెద్దమనిషికి కూడా శాంతి. ఆయనకు మీరంతా కలిసి కాటుక అని పేరు పెట్టారని రాశావే, అప్పట్నుంచి ఆయన మీద నా కోపం సగం తగ్గింది. మనుషుల మాటల మీద నల్లసిరా పూసేవాడికి అంతకన్నా మంచి పేరు దొరకదు. అయ్యా కాటుకగారూ, ఇందులో దాపరికం లేదు, నిదానంగా చదువుకోండి.

అమ్మ నీకు చెప్పొద్దంది. నేను చెబుతున్నాను. అమ్మకి కంటి వెనక నరం ఎండిపోతోందట. మందులూ ఆపరేషన్లూ దాటిపోయిన సంగతి అన్నాడు డాక్టరు. నాలుగు నెలలు మొహాలు కనిపిస్తాయి, ఆ తర్వాత వెలుగేదో చీకటేదో మాత్రం తెలుస్తుంది. అమ్మ సంచి భుజానికి తగిలించుకుంటూ, "నాలుగు నెలలా? అయితే ఫర్వాలేదు. మావాడు మూడు నెలల్లో వచ్చేస్తాడు" అంది, బస్సు టైము చెప్పినట్టు.

మంచి నడవడికని నీకు తగ్గించిన రోజులు పోను మూడు నెలలేగా మిగిలింది. అమ్మ ఆ మూడింటినీ పట్టుకుని కూర్చుంది. నీ మొహం ఒక్కసారి చూడాలి, అంతే ఆమె అడిగేది.

డాక్టరు చెప్పేది డాక్టరు చెప్పాడు. నేను ఏ గురువు దగ్గరా చదువుకున్నదాన్ని కాదు. బట్టలకు కుట్టే చీటీల మీద అక్షరాలు కూడబలుక్కుని, తిన్నగా గ్రంథంలోకి దూకినదాన్ని. అందులో ఏ పేజీ తిప్పినా, ఆకలితో మోకరించినవాణ్ణి దేవుడు ఉత్తచేతులతో పంపినట్టు నాకు కనబడలేదు. అందుకని వచ్చే మంగళ, బుధ, గురువారాలు నేను ఉపవాసం. నువ్వూ ఉండు. పళ్లెం వస్తే దణ్ణం పెట్టి వెనక్కి పంపు. గోడకు అటు నువ్వు, ఇటు నేను, ఇద్దరిదీ ఒకటే ఆకలి. పైకి వెళ్లేటప్పుడు దానికి ఏ గేటూ అడ్డం రాదు.

నీ అక్క

*

చిన్న గది,
వారం సరిగ్గా తెలియదు

అక్కా,

గది మారింది. అక్కడ అరవైమందిమి, ఇక్కడ నేనొక్కణ్ణే. చెయ్యి అందనంత ఎత్తులో అరచేతి వెడల్పు కిటికీ ఉంది. పొద్దున దాంట్లోంచి ఒక వెలుగు ముక్క దిగుతుంది. ముందు తలుపు మీద నిలబడుతుంది, లోపలికి రావచ్చా అని అడిగినట్టు. తర్వాత నేల మీదికొస్తుంది. మధ్యాహ్నానికి నా పాదం దగ్గరికి చేరుతుంది. చుట్టం వచ్చినట్టు నేను పక్కకి జరిగి చోటిస్తాను. సాయంత్రం గోడెక్కి వెళ్లిపోతుంది. వెళ్లొస్తానని చెప్పదు గానీ, ఇంతవరకూ ఏ రోజూ రాకుండా మానలేదు.

██████████████ పది రోజులు ██████████

ఇక్కడ నిద్రకీ మెలకువకీ మధ్య గోడ పలచన. కలలోకి ఆ పాత లిఫ్టు వస్తోంది. తలుపు తీస్తే అంతస్తు ఉండదు, మన వంటగది ఉంటుంది. అమ్మ అటు తిరిగి నిలబడి, "చెప్పులు బయట విప్పావా?" అంటుంది. విప్పానే అంటాను. ఇటు తిరగదు. తలుపు మూసుకుంటుంది. ఎన్నిసార్లు మీట నొక్కినా అదే వంటగది, అదే వీపు.

నేను రావడం కాస్త ఆలస్యం కావచ్చు. █████████████████ అమ్మతో అనకు.

తమ్ముడు

*

గేటు ఎదురు బెంచీ మీద,
బుధవారం

ఒరేయ్,

"కాస్త ఆలస్యం" అంటావా? అరవై రోజులు కోసేస్తే అది కాస్తా? నీ ఉత్తరంలో నల్లగీతలు కిటికీకేసి పెట్టి చూశాను, ఏమీ కనబడలేదు. తిన్నగా మీ గేటుకొచ్చాను, అది పోయిన బుధవారం. కిటికీ వెనక గుమాస్తా ఉన్నాడు.

"మావాణ్ణి ఏ గదిలో పెట్టారయ్యా?"

"వేరే గదిలో అమ్మా."

"అది వాడూ రాశాడు. ఎందుకు పెట్టారు?"

"ఆరు పూటలు తిండి మానేశాడు. సమ్మె."

"సమ్మె కాదయ్యా, ఉపవాసం. నేనే ఉండమన్నాను."

"రిజిస్టరులో ఉపవాసమనే గడి లేదమ్మా. సమ్మె అనే గడి ఉంది." పాపం, వెటకారం కాదు. నిజంగానే పుస్తకం తిప్పి చూపించబోయాడు.

వరసగా ఆరు పూటలు పళ్లెం తిప్పి పంపితే అది సమ్మెట. సమ్మె చేస్తే పది రోజులు ఒంటరి గది, తగ్గించిన రోజుల్లో అరవై రద్దు. నిన్ను ఎవరైనా పిలిచి అడిగారా, ఎందుకు తినలేదురా అని? అడగలేదట. "అడిగే పద్ధతి ఉందా?" అంటే "ఉందమ్మా, తీరికుండాలిగా" అన్నాడు.

తప్పు నాది. పులి బోను ముందు నిలబడి నీకు ధైర్యం చెప్పాను. బోనుకూ ఒక చట్టం ఉంటుందని ఆలోచించలేదు. మూడు నెలలు ఐదయ్యాయి. అమ్మకున్నవి నాలుగు. ఈ లెక్క నువ్వూ చేసుకునే ఉంటావు.

ఉచితంగా వాదించే లాయరమ్మ ఒకామె దొరికింది. నా బిడ్డలాంటిది, చేతికి గడియారం కూడా లేదు, మాట మాత్రం గంట కొట్టినట్టుంటుంది. ఆమె చెప్పింది విను. శిక్షపడ్డవాడు ఇష్టమొచ్చిన చోటుకి తిరిగే స్వేచ్ఛ పోగొట్టుకుంటాడు. అంతేగాని తక్కిన హక్కులన్నీ గుమ్మం దగ్గర చెప్పుల్లా విడిచి లోపలికి పోడు. నమ్మకం వాడిదే, ఒళ్లు వాడిదే. శిక్ష పెంచే ముందు తన మాట చెప్పుకునే హక్కూ వాడిదే. "కానీ అమ్మా, లోపల భద్రత, క్రమశిక్షణ అని రెండు ద్వారబంధాలుంటాయి. ఏ హక్కైనా వాటికింద వంగి నడవాలి" అంది. ఎంత వంగాలి అన్నాను. "దాని కోసమేగా కోర్టుకి వెళ్లేది" అని నవ్వింది.

పాత పుస్తకాల బండి మీద రాజ్యాంగం కొన్నాను. గ్రంథం పక్కనే పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో గీస్తూ చదువుతున్నాను. ఆదివారం బస్సుల షెడ్డు వెనక మన ఆరాధన హాల్లో బోధిస్తూ అదే చెప్పాను. విచారణ లేకుండా కొరడాలతో కొట్టించి, చెరలో పడేసి, తెల్లారాక చాటుగా వెళ్లిపొమ్మంటే, "చాటుగా పోను. కొట్టించినవాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి" అన్న భక్తుడున్నాడు చూడు. ఆయనకు ప్రార్థనా తెలుసు, పౌరుడికుండే హక్కూ తెలుసు! హాలు లేచి నిలబడింది. అర్జీ వేశాం. నీ ఒక్కడి కోసం కాదు, లోపల ఉపవాసం ఉండాలనుకునే ప్రతివాడి కోసం.

అక్క

*

రెండో బారక్, బట్టలుతికే షెడ్డు పక్క,
శనివారం

అక్కా,

మళ్లీ అరవైమందిలోకి వచ్చి పడ్డాను. పది రోజుల తర్వాత మనుషుల గురక కూడా పాటలా ఉంది. పని మళ్లీ బట్టల షెడ్డులోనే. పెద్ద పీపాల్లోంచి ఆవిరి లేస్తుంది. దుప్పట్లు తీగల మీద వేస్తే గాలికి ఉబ్బుతాయి. వాటి మధ్య నడుస్తుంటే మబ్బుల్లో దారి తప్పినట్టుంటుంది. అవతల ఎవరో నడుస్తున్న నీడ కనబడుతుంది. అమ్మేనేమో అని దుప్పటి తొలగిస్తే ఇంకో దుప్పటి.

అమ్మ కళ్లకు జరగబోయేది నేను కలలో ముందే చూశానా అక్కా? వంటగదిలో ఆమె తిరక్కపోవడం అందుకేనా?

సూపరింటెండెంటుగారు పిలిచారు. చెడ్డమనిషి కాదు, కోర్టు కాగితం చూసి విసిగిపోయిన మనిషి. బల్ల మీద ఒక కాగితం పెట్టారు. "చూడవయ్యా, ఆరు పూటలు సమ్మె చేశాను, తప్పయింది, క్షమించండి అని ఉంది. సంతకం పెట్టు. నీ అరవై రోజులు నీకు. అర్జీ వెనక్కి తీసుకో. ఇంటికి పోయి మీ అమ్మను చూసుకో."

పెన్ను తీసుకున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. ఉద్యోగంలో ఉండగా ఆ లిఫ్టు తాడు పరీక్షించకుండానే పరీక్షించినట్టు సంతకం పెట్టాను. నాలుగో అంతస్తు నుంచి అది తెగిపడి ఒక మనిషి పోయాడు. ఆ సంతకానికేగా నేనిక్కడ ఉన్నది. చూడనిదాన్ని చూశానని ఒకసారి రాశాను. చెయ్యనిదాన్ని చేశానని ఇంకోసారి ఎలా రాయను? ఆలోచించుకుంటానని వచ్చేశాను.

ఇక్కడ నన్నిప్పుడు ఉపవాసం అన్న అంటున్నారు. ఒకడొచ్చి, "అన్నా, మా నాన్న సంవత్సరీకానికి నేనూ ఒక పూట ఉండొచ్చా? నీ కేసు గెలిస్తే వీళ్లు ఏమీ అనరు కదా?" అన్నాడు. నేను వాడి మొహంలోకి చూడలేకపోయాను.

ఏం చెయ్యమంటావో రాయి.

తమ్ముడు

*

ఇంట్లో,
మంగళవారం

తమ్ముడూ,

పెట్టకు. ఆ సంతకం పెట్టకు. ఒక పూట తిండికి జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నవాడి కథ నీకు చిన్నప్పుడు చెప్పింది నేనే. మనం ఆకలిని అర్పించాం. దానికి సమ్మె అని పేరు పెట్టి పద్దులో రాసుకుంటామంటే ఒప్పుకుంటామా? లాయరమ్మ కూడా అంటోంది, వెనక్కి తగ్గితే ఇంకో పదేళ్లు ఈ ప్రశ్న ఎవరూ అడగరని. వాయిదా ఐదు వారాల్లో ఉంది. గట్టిగా నిలబడు.

అమ్మ నిన్న గోడ మీద ఫోటో తీసుకుని దగ్గరగానూ దూరంగానూ పెట్టి చూసింది. "ఇందులో వాడి చెవులు ఇంత పెద్దవా?" అంది. అది నాన్న ఫోటో.

నిలబడు అని రాశాను కదా. నిలబడు.

అక్క

*

రెండో బారక్,
ఆదివారం, వాన వెలిశాక

అక్కా,

ఇది కాటుకగారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఎలాగూ జడ్జి ముందు చెప్పబోయేదే.

నేను ఆరు పూటలు పస్తు లేను.

మంగళవారం రెండు పూటలూ ఉన్నాను. తేలికగా, మబ్బులా ఉన్నాను. బుధవారం పొద్దున కూడా పళ్లెం తిప్పి పంపాను. మధ్యాహ్నం షెడ్డులో ఆవిరి మధ్య నిలబడితే నేల నెమ్మదిగా లిఫ్టులా కిందికి దిగడం మొదలైంది. ఎవరో నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మడత పెట్టిన దుప్పటి నా ఒళ్లో పెట్టారు. దాని మడతలో సగం రొట్టె ఉంది. "దేవుడు నీతో పోట్లాడ్డు గాని, తిను" అన్నాడా మనిషి. ఎవరో రాయను. రొట్టె అందించడం కూడా ఇక్కడ నేరమే.

తిన్నాను అక్కా. ఏడుస్తూ తిన్నాననుకుంటున్నావేమో, లేదు. హాయిగా తిన్నాను. తర్వాత మూడు పూటలూ పళ్లెం తిప్పి పంపుతూనే ఉన్నాను, నీకిచ్చిన మాట కోసం. షెడ్డులో మాత్రం రొట్టె తింటూనే ఉన్నాను, ఒంటి కోసం. ఇదేం ఉపవాసమో, ఇదేం సమ్మెనో. వాళ్ల పుస్తకంలోనే కాదు, నీ గ్రంథంలోనూ దీనికి గడి ఉండదు.

ఇన్నాళ్లు దాచాను. నువ్వు హాలంతా నిలబడిందని రాసినప్పుడు చెప్పలేకపోయాను. వాడొచ్చి నన్ను అన్నా అన్నప్పుడు ఇక ఊరుకోలేననిపించింది. జడ్జి అడిగితే ఇదే చెబుతాను. దాంతో నీ అర్జీ పడిపోవచ్చు. అబద్ధాలకోరు అని నా రోజులూ పోవచ్చు. అమ్మ మొహం... అమ్మ నా మొహం చూడకపోవచ్చు. అయినా సరే. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను.

తమ్ముడు

*

కుట్టు మిషను దగ్గర,
గురువారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి విసిరికొట్టాను. మళ్లీ తీసి ఇస్త్రీ చేశాను. నిజంగానే, ఇస్త్రీ పెట్టెతో. అందులో ఒక్క నల్లగీత లేదు, చూశావా? కాటుకగారు నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నారు.

ఇప్పుడు నా సంగతి విను.

నేనూ బుధవారమే తిన్నాను.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టాలి, ముప్పై జతలు. సూది కింద గుడ్డ నదిలా పోతోంది, నేను దాని వెంట కొట్టుకుపోతున్నాను. అమ్మ గోడ తడుముకుంటూ గిన్నె పట్టుకుని వచ్చింది. నేను ఉపవాసమని ఆమెకు చెప్పలేదు, ఎందుకని అడుగుతుందని. "పొద్దున్నుంచి ఆ మిషను మోతేగాని నీ నోటి మోత వినబడలేదు, తెరువు" అంది. వద్దమ్మా అనబోయాను. అప్పటికే చెంచా వచ్చేసింది. నా నోటికి కాదు, చెంపకి తగిలింది. మళ్లీ ఎత్తింది. ఈసారి గడ్డానికి.

ఆమెకు నా నోరు ఎక్కడుందో కనబడలేదురా.

మూడోసారి నేనే తల వంచి చెంచా కిందికి నోరు పెట్టాను. గిన్నెలో ఉన్నదంతా తిన్నాను. వచ్చిన ఆదివారం హాల్లో ఉపవాస బలం గురించి గంటన్నర బోధించాను. వేషధారులారా అని ప్రభువు తిట్టిన చోటు దాటేసి పక్క పేజీ చదివాను.

నిన్న సాయంత్రం కూడికలో లేచి అంతా చెప్పేశాను. నీదీ, నాదీ. వెనక బెంచీలోంచి బస్సు డ్రైవరు, "అమ్మగారూ, నాకిప్పుడు మీ బోధ మీద కొంచెం నమ్మకం కుదిరింది" అన్నాడు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మళ్లీ రారేమో.

లాయరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత చక్కగా కట్టానమ్మా ఈ కేసు!" అని, మళ్లీ కాగితాలు ముందేసుకుని, "సరే, విచారణ లేదన్న మాట మిగిలే ఉంది. దాన్ని పట్టుకుందాం" అంది.

నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పు. అమ్మ చూపు కోసం నిన్ను అబద్ధమాడమనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పు అనడానికీ రాలేదు. నువ్వే అనేశావు. నా తమ్ముడివి, నాకన్నా ముందు నడిచావు.

అక్క

*

రెండో బారక్,
శుక్రవారం, కోర్టు నుంచి వచ్చాక

అక్కా,

నువ్వు వెనక వరసలో ఉన్నావు, కానీ నాకు సగమే కనబడ్డావు, స్తంభం అడ్డం. అందుకని జరిగింది నా వైపు నుంచి రాస్తున్నాను.

వ్యానులో వస్తుంటే వీధులన్నీ నీళ్లలో కనబడినట్టు కదిలాయి. ఒక కొట్టు ముందు కుర్చీలు ఆరబెట్టారు. అవి ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టున్నాయి. కోర్టులో జడ్జిగారి గొంతు ఎంత చిన్నదో! అందరూ ముందుకి వంగి వినాల్సొచ్చింది.

"ఆరు పూటలు తినలేదా?" అన్నారు.

"మూడు పూటలు తినలేదండి. తర్వాత తిన్నాను."

"ఎవరిచ్చారు?"

"అది చెప్పలేనండి."

"చెప్పకపోతే నీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మక్కర్లేదండి. అడిగారు కాబట్టి చెప్పాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

అవతలి లాయరు లేచి, చూశారా, ఉపవాసమూ అబద్ధమే అన్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. సూపరింటెండెంటుగారి వైపు తిరిగి, "ఈ ప్రశ్న మీరు అడిగారా?" అన్నారు. ఆయన తల దించుకున్నారు. నాకు జాలేసింది, నిజంగా.

తీర్పు నీకు తెలుసు. మనిషి మాట వినకుండా అతని రోజులు కోసే అధికారం జైలుకు లేదు, అరవై రోజులూ తిరిగి ఇవ్వండి అన్నారు. ఉపవాసం గురించి మాత్రం నీ ఎర్ర పెన్సిలు ఆశపడ్డంత రాలేదు. ఉండదలిచినవాడు ముందురోజు రాసివ్వాలట, జైలు డాక్టరు వద్దంటే మానాలట. రాసిచ్చినవాణ్ణి శిక్షించకూడదట. చిన్న గది గురించి, జరిగిపోయింది కాబట్టి ఏమీ చెప్పలేమన్నారు. ఆ పది రోజులు ఏ పద్దులోనూ లేవు. నేనూ ఆ వెలుగు ముక్కా తప్ప వాటికి సాక్షి లేదు.

వాళ్ల నాన్న కోసం ఒక పూట అడిగినవాడు ఇవాళే చీటీ రాసిచ్చాడు. రిజిస్టరులో కొత్త గడి గీశారట, చేత్తో, వంకరగా.

ఇంక పదిహేడు రోజులు. సోమవారం పొద్దున వదులుతారు. అమ్మ ఎలా ఉంది? నీ పోయిన ఉత్తరంలో అది రాయలేదు.

తమ్ముడు

*

ఇంట్లో,
బుధవారం

తమ్ముడూ,

రాయకుండా ఉంటే ఆగుతుందేమో అనుకున్నాను. నాలాంటిదానికే ఇలాంటి పిచ్చి నమ్మకాలుంటాయి.

డాక్టరు నాలుగు నెలలన్నాడు. మూడు కూడా నిండలేదు. మొన్న సోమవారం పొద్దున అమ్మ కిటికీ దగ్గర నిలబడి, "ఇవాళ పొగమంచు బాగా ఉంది" అంది. బయట ఎండ కాస్తోంది. నేను ఊఁ అన్నాను. మధ్యాహ్నం కూడా పొగమంచే అంది. సాయంత్రానికి ఆమెకే అర్థమైంది. కుర్చీలో కూర్చుని చాలాసేపు తన చేతులు మొహం ముందు ఆడించుకుంది, నీళ్లలో చేతులు ఆడించినట్టు.

నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే నిన్ను అప్పుడే వదిలేవాళ్లా అని లాయరమ్మని అడిగాను. లేదంది. ఎటూ ఆ సోమవారమే. దేవుడు ఇందులో ఏం చేశాడో నాకు తెలియదు. ఆదివారం హాల్లో అదే చెప్పాను, తెలియదు అని. అంతకన్నా పొట్టి బోధ నేను ఎప్పుడూ చెయ్యలేదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మతో అన్నాను, "వాడు వస్తాడు, కానీ నీకు..." అని. నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"కళ్లతో చూసినన్నాళ్లూ చూశాను. ఇప్పుడు చేత్తో చూస్తాను. నుదురు, ముక్కు, ఆ పెద్ద చెవులు, అన్నీ నాకు తెలుసు. వాణ్ణి గడ్డం గీసుకుని రమ్మను. చేతికి గుచ్చుకుంటే ఎవడో అనుకుని పొమ్మంటాను."

లోపల బ్లేడు మీ చేతికివ్వరని నాకు తెలుసు. గేటు ఎదురుగా బెంచీ పక్కన కొళాయి ఉంది. నిన్న తిప్పి చూసి వచ్చాను, నీళ్లు వస్తున్నాయి. సోమవారం పొద్దున అక్కడే ఉంటాను, సబ్బు, బ్లేడు, చిన్న అద్దం పట్టుకుని. నిదానంగా గీసుకుందువుగాని. ఎవరూ తొందర పెట్టరు.

అక్క